న్యాయవాది కీర్తికి సాక్షి యెవడు?

తన సరుకు మేలైనదని వర్తకుడు చాటుకొన్నచో మన మాక్షేపింపము. న్యాయవాది యట్లు చాటుకొన్నచో దోషమందుము. ఈ భేదము కేవలము వృత్తిగర్వమువలన కలిగినదా, లేక దీనిలో ధర్మమేమైన గలదా యని విచారింపవలసియున్నది.

1961వ సంవత్సరపు న్యాయవాదుల చట్టము క్రింద బార్ కౌన్సిల్ వారు చేసిన నియమములలో 36వది, ప్రకటనలవలన గాని దళారులవలన గాని వ్యాజ్యములను సంపాదింపరాదని విధించుచున్నది. నామఫలకము సయితము మితమైన పరిమాణము గలదై యుండవలయును. తాను పూర్వము న్యాయాధిపతిగనో అడ్వకేటు జనరలుగనో యుంటినని దానిపై వ్రాయింపరాదు.

దీనికి హేతువు కలదు. వస్త్రము కొనువాడు నేతను చేతితో తడవి చూచుకొనగలడు. వ్యాజ్యదారుడన్ననో, తన వకీలు చక్కగా వాదించెనో లేదో తీర్పు వచ్చిన పిమ్మటనైనను నిశ్చయింపలేడు. బలహీనమైన పక్షమును వహించి సమర్థుడు నోడవచ్చును. బలమైన పక్షమును వహించి యసమర్థుడును గెలువవచ్చును. పరీక్షింపనేరని వానియెదుట చేసికొను పొగడ్త మోసమునకు మిక్కిలి సమీపమున నుండును.

మరి యోగ్యత నెరిగినవా రెవరు? ఎదుటిపక్షమున నిలిచి వాదించినవారే. ఏ వకీలు కాగితమును దాచడో, ఏ వకీలు మాట తప్పడో వారెరుగుదురు. ఆ చట్టము 16వ సెక్షనుచే, సామర్థ్యమునుబట్టియు బారునందలి ప్రతిష్ఠనుబట్టియు కొందరిని సీనియరు అడ్వకేట్లుగా గుర్తించు నధికారము సుప్రీముకోర్టునకును హైకోర్టులకును కలదు. ఈ గుర్తింపునకై 2017లో సుప్రీముకోర్టువారు నూరు మార్కుల పద్ధతి నేర్పరచి, 2025లో దానిని విడిచిరి. కీర్తిని అంకెలతో తూచుట సులభము కాదు.

అయినను తోడివారి గౌరవము కచ్చేరి వసారా దాటి రాదు. దస్తావేజుల మూటతో పల్లెనుండి వచ్చిన వితంతువున కా మాట చెప్పువా రెవరు? సజ్జనులు మౌనము వహించిన చోట దళారి నోరు తెరచును. నియమమునకు లోబడినవాడు వెనుకబడును, లోబడనివాడు లాభపడును. ఇది ధర్మ మగునా?

అమెరికాలో 1977లో బేట్సు వ్యాజ్యమున, సామాన్యమైన పనులకు తీసికొను రుసుమును సత్యముగా ప్రకటించుటను నిషేధింపరాదని తీర్పయ్యెను. మన బార్ కౌన్సిల్ వారును 2008లో పేరు, విలాసము, విద్యార్హత, తాను చేపట్టు వ్యవహారముల తెరగు మొదలైనవి అంతర్జాలమున తెలుపుటకు సమ్మతించిరి. తెలుపుట వేరు, పొగడుకొనుట వేరు. మొదటిది వ్యాజ్యదారుని హక్కు; రెండవది వాని యజ్ఞానముతో చేయు వ్యాపారము. ఒక్కొక్కనికి నోరు కట్టిన సంఘము, అందరి పక్షమున తాను పలుకవలయును. ప్రతి జిల్లాకోర్టునందును న్యాయవాదుల సంఘమువా రిట్టి వివరముల పట్టికను తెలుగున గోడమీద నుంచిన నెవరికి నష్టము?

కడపట నొక్క మాట. “అమ్మా, ఈ వ్యాజ్యము నిలువదు, రాజీపడుము” అని, రుసుము పోగొట్టుకొనియైనను చెప్పగల న్యాయవాదికి వేరు ప్రకటన యేల? ఇంటికి మరలిపోవు నామెయే వాని కీర్తికి సాక్షి.