ముద్ర ఉన్నా చెల్లని నాణెము



మన దేశమునకు స్వాతంత్ర్యము వచ్చి 75 ఏండ్లు నిండుతున్న సందర్భమున, 2022 జూన్ 6న ప్రధానమంత్రి 1, 2, 5, 10, 20 రూపాయల నాణెములను విడుదల చేశారు. ఇటువంటివి మనకు కొత్త కాదు. 1972లో రజతోత్సవమునకు, 1997లో స్వర్ణోత్సవమునకు కూడ వచ్చాయి. అయితే ఈ మారు వచ్చినవి బీరువాలో దాచుకొనుటకు కాక సంతలో చెలామణి అగుటకు వేసినవి. పైగా చూపులేనివారు సైతము తడిమి గుర్తించునట్లు వాటిని రూపొందించారు. 20 రూపాయల నాణెము గుండ్రముగాక 12 అంచులతో ఉంటుంది. అన్నిటికన్న నాకు నచ్చినది ఈ సంగతే. స్వాతంత్ర్యము అందరిదైతే అది గ్రుడ్డివాని వ్రేళ్ళకు కూడ తగలాలి గదా!

చక్రవర్తికి పన్ను కట్టవచ్చునా అని అడిగి ప్రభువును చిక్కులో పెట్టబోయిన వారి సంగతి మీరు ఎరిగినదే. ఆయన దీనారమును తెప్పించి, దాని మీది రూపము ఎవరిదని అడిగాడు. చక్రవర్తి రూపము ఉన్నది చక్రవర్తిదైతే, దేవుని రూపము ఉన్నది ఎవరిది? ఆదికాండము మొదటి అధ్యాయము తెరిస్తే జవాబు దొరుకుతుంది. లోహము విలువ వేరు, ముద్ర విలువ వేరు. పిడికెడు మన్నుతో చేయబడిన మనకు ఉన్న విలువంతా ఆ ముద్రదే.

ఇక మన అంగళ్ళ సంగతి. 10 రూపాయల నాణెము చెల్లదని ఎవరో పుకారు పుట్టించారు. 14 రకముల 10 రూపాయల నాణెములూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటించింది. అయినా ఎందరో దుకాణదారులు పుచ్చుకోలేదు. అచ్చువేసినవారు చెల్లుతుందన్నారు, బజారు చెల్లదన్నది. పాపము, నాణెము చేసిన తప్పేమున్నది?

మనుష్యుని విషయములోను ఇదే జరిగింది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, హిందూమతము కాక వేరు మతము అవలంబించువారికి షెడ్యూల్డు కులముల గుర్తింపు లేదన్నది. తరువాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. జ్ఞానస్నానము పొందిన దళితుడు మాత్రము బయటనే నిలిచిపోయాడు. అందుకే శ్రీసభ ఆగస్టు 10ని నల్లదినముగా పాటిస్తూ వచ్చింది. ప్రభుత్వమును అడగవలసినదే.

అయితే అడిగే నోరు మొదట శుభ్రముగా ఉండాలి. కులవివక్ష ఘోరమైన సాంఘిక పాపమనియు, అది శ్రీసభలోను ఉన్నదనియు మన పీఠాధిపతుల సమాఖ్యయే 2016 డిసెంబరులో విధానపత్రములో ఒప్పుకొన్నది. హైదరాబాదు అగ్రపీఠాధిపతులు పూల అంతోని గారు 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. తెలుగువారిలోను, దళితులలోను ఆ స్థానమునకు వచ్చిన తొలివారు ఆయనే. మనమంతా పొంగిపోయాము. ఆయన ఫోటో ఇంటిలో పెట్టుకొన్నవారు సైతము, పిల్లకు సంబంధము వస్తే మధ్యవర్తిని ముందుగా ఏమడుగుతారు? "కతోలికులేనా?" అనా? కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆగస్టు 15 మరియతల్లి మోక్షారోపణ పండుగ. దీనులను లేవనెత్తిన దేవుని కీర్తించిన తల్లి ఆమె. ఆనాడు పూజ ముగిసిన తరువాత గుడి ఆవరణలో జెండా ఎగురవేసి, పిల్లలకు మిఠాయి పంచుతాము. ఈసారి ఆ పళ్ళెము ముందుగా ఏ వీధి పిల్లల దగ్గరకు వెళుతుందో కాస్త గమనించండి.