ఆ చిన్న గుండె ఎందుకు కొట్టుకుంది?



ఈ వారం 139వ కీర్తన ధ్యానిద్దాం. తాను ఇంకా రూపం రాని పిండంగా ఉన్నప్పుడే దేవుడు తనను చూశాడని దావీదు అక్కడ ఒప్పుకుంటున్నాడు. చూడడానికి అప్పుడు ఏముంది?

తల్లి గర్భంలో దాదాపు 22వ రోజుకే గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. ఆక్సిజన్ అందించడానికే అనుకుంటాం. కానీ జీబ్రాఫిష్ అనే చిన్న చేప విషయం వినండి. దాని పిండం గాజులా పారదర్శకం, లోపల రక్తం పారడం కనిపిస్తుంది. గుండె అసలు కొట్టుకోని లోపమున్న పిండాలు కూడా కొన్ని రోజులు బతుకుతాయి. నీటిలోని ఆక్సిజన్ చర్మం గుండానే అందుతుంది. మరి ఆ తొలి కొట్టుకోవడం దేనికి?

2003లో మన కాలిఫోర్నియాలోనే, కాల్‌టెక్ పరిశోధకులు అలాంటి పిండాల గుండెలో సన్నని పూసను అడ్డుపెట్టి ప్రవాహాన్ని ఆపారు. గుండె సరిగా వంపు తిరగలేదు, కవాటాలు సరిగా ఏర్పడలేదు. 2007లో ఎలుక పిండాలపై మరో పరిశోధన జరిగింది. రక్తకణాలను ప్రవాహంలోకి రానివ్వకపోతే నాళాలు పెద్దవీ చిన్నవీగా రూపుదిద్దుకోలేదు. కణాలకు బదులు, ఆక్సిజన్ మోయలేని చిక్కని గంజి పదార్థం ఎక్కిస్తే రూపుదిద్దుకున్నాయి! అంటే నాళాల్ని మలిచింది ఆ ఒరిపిడే. ఇప్పుడు లేజర్ వెలుగుతో ఒక్క రక్తకణాన్ని పట్టి నిలిపి, దానిపై ప్రవాహం తోసే బలాన్ని కొలుస్తున్నారు. ఆ బలాన్ని పికోన్యూటన్లలో లెక్కిస్తారు. ఒక పికోన్యూటన్ అంటే న్యూటన్‌లో లక్ష కోట్లవ వంతు.

మా సాఫ్ట్‌వేర్ వాళ్లం ఫలితం కనిపించని ప్రోగ్రామ్‌ను ఆపేస్తాం. దేవుడు అలా ఆపలేదు. ముందు పైపులు వేసి తర్వాత నీళ్లు వదలడం మన పద్ధతి. ఆయన పారే రక్తం చేతనే దారి కట్టించాడు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. మన శాన్ రామన్ సహవాసంలో, ఏడెనిమిది వారాలకే బిడ్డను పోగొట్టుకున్న తల్లులున్నారు. ఒక స్కాన్‌లో మినుకుమినుకుమన్న గుండె తర్వాతి స్కాన్‌లో లేదు. వాళ్ల దగ్గరికి వెళ్లి “అంతా మన మేలుకేలే”, “ఒత్తిడే మనల్ని మలుస్తుంది” అనకండి. ఈ చేప కథ కూడా చెప్పకండి. ఎందుకు ఆగిందో నాకు తెలియదు, మీకూ తెలియదు. కానీ ఆ గుండె వృథాగా కొట్టుకుందని మాత్రం నేను ఒప్పుకోను. ఉన్నన్నాళ్లూ అది తన పని చేసింది. ఎవరూ చూడని చోట దావీదును చూసిన దేవుడే దానినీ చూశాడు. స్కాన్ తీయకముందే చూశాడు.

వచ్చే శుక్రవారం కూడికలో ఈ కీర్తన చదివి, పాట మొదలుపెట్టే ముందు కాసేపు మౌనంగా ఉందాం. ఆ తల్లులు ఏమీ మాట్లాడనక్కర్లేదు, వస్తే చాలు. తండ్రులూ రండి. ఎలా ఉన్నావని మనవాళ్లలో వాళ్లనెవరూ అడగరు.