నీళ్లలో ఎవరు తగ్గాలి?

మూసీలో పడవలు తిరిగే రోజు వస్తుందని అంబర్‌పేట్‌లో చాలా ఏళ్లుగా వింటున్నాం. చదువుల కోసం, పని కోసం ఊళ్లు విడిచి వచ్చి అంబర్‌పేట్, ఉప్పల్, నాచారం బస్తీల్లో అద్దెకుంటున్న ఆదివాసులం మేము. 2024లో నది ఒడ్డు ఇళ్ల మీద ఎర్రరంగు గుర్తులు పడ్డప్పుడు మా మధ్య కూడా వాదన నడిచింది. నది బాగుపడాలంటే ఎవరో ఒకరు తగ్గాలి కదా అన్నారు కొందరు. తగ్గాలి, నిజమే. ఎవరు తగ్గాలి, ఎంత తగ్గాలి అన్నదే మా ప్రశ్న. ఇది మాకు నగరంలో పుట్టిన ప్రశ్న కాదు. కిన్నెరసాని లాంటి చోట్ల నుంచి వెంట తెచ్చుకున్నది.

పాల్వంచ దగ్గర కిన్నెరసాని జలాశయం ఉంది. ఆ నీళ్లు కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రానికి పోతాయి. చుట్టూ ఉన్న 635 చదరపు కిలోమీటర్ల అడవిని 1977లో అభయారణ్యంగా ప్రకటించారు. నీళ్లలో మొసళ్లు, నీళ్ల మీద పర్యాటకుల బోట్లు, అడవిలో కోయ గూడేలు. ముగ్గురికీ అదే చోటు.

మొసలి ఒడ్డున ఎండలో పడుకోవడం సోమరితనం కాదు. దాని ఒంట్లో సొంత వేడి పుట్టదు. ఎండ కాగితేనే తిన్నది అరుగుతుంది. ఒడ్డు మట్టిలో గుంత తవ్వి గుడ్లు పెడుతుంది. వానలకు ముందే పిల్లలు బయటికొస్తాయి. మోటారు బోటు దగ్గరికి వస్తే నీళ్లలోకి జారిపోతుంది. ఫోటో కోసం బోటును ఇంకా దగ్గరికి పోనిమ్మని అడిగేవాళ్లకు ఆ జారిపోవడమే వినోదం. 1972 వన్యప్రాణి చట్టం మొసలిని మొదటి షెడ్యూలులో పెట్టింది, పులితో సమానంగా. పులి కోసం ఊళ్లు లేవాలంటారు. మొసలి కోసం బోటు నెమ్మదించాలన్న మాట మాత్రం అంత గట్టిగా వినిపించదు.

ఇలాంటి తగాదా అమెరికాలోని ఫ్లోరిడాలో చాలా కాలంగా నడుస్తోంది. అక్కడ మనాటీ అనే జంతువు ఉంది. పది అడుగుల పొడవు, నీటిగడ్డి మేసే సాధు జీవి. గాలి పీల్చడానికి పైకి తేలుతుంది, అప్పుడే బోటు పంకా తగులుతుంది. వీపు మీద పడ్డ మచ్చలను బట్టే పరిశోధకులు ఒక్కో మనాటీని గుర్తుపడతారంటే ఎన్ని దెబ్బలు తింటున్నాయో ఊహించుకోవచ్చు. 1978లో ఆ రాష్ట్రం దాని కోసం చట్టం చేసింది. కొన్ని నీళ్లలో బోటు మెల్లగానే పోవాలి. కొన్ని జిల్లాల్లో పడవల రేవు ఎక్కడ కట్టాలి, అందులో ఎన్ని బోట్లు నిలపాలి అన్నదానికీ లెక్క పెట్టారు. బోట్ల యజమానులు ఊరుకోలేదు, కోర్టులకెక్కారు. అయినా నీటి ఒడ్డున ఇల్లున్నవాణ్ని ఇల్లు ఖాళీ చేసి పొమ్మని ఈ నియమాలు చెప్పలేదు. వేగం తగ్గించమన్నాయి, అంతే. ఆ తేడా దగ్గర మేము ఆగిపోతాం. ఒకచోట త్యాగమంటే అరగంట ఆలస్యం. ఇంకోచోట త్యాగమంటే తాతల సమాధులున్న నేల వదలడం. రెండింటికీ ‘సమతుల్యం’ అని ఒకే పేరు పెడితే ఎట్లా?

ఇంకో సంగతి కూడా ఉంది. 2021లో ఒక్క ఏడాదిలో ఫ్లోరిడాలో సుమారు 1,100 మనాటీలు చచ్చిపోయాయి. వాటిలో చాలా చావులకు కారణం బోట్లు కాదు, ఆకలి. ఒడ్డు నుంచి వచ్చిన మురుగు, ఎరువుల నీళ్లతో నాచు పెరిగి, ఎండ అందక నీటిగడ్డి చచ్చిపోయింది. బోటు నడిపేవాడు కంటికి కనిపిస్తాడు కాబట్టి తప్పంతా అతని మీదే వేయడం తేలిక. మురుగు పంపినవాడు ఎవరో అందులో కనిపించదు. అంబర్‌పేట్‌లో ఉండేవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇక్కడ రోజుకు 33.9 కోట్ల లీటర్లు శుద్ధి చేసే కేంద్రం ఉంది, పక్కనే పారే మూసీ వాసనా ఉంది. ఒడ్డున రేకుల ఇల్లు కట్టుకున్నవాడు నది శత్రువు, పైనుంచి మురుగు వదిలినవాడు రేపు అదే నదిలో బోటెక్కే పర్యాటకుడు!

జంతువు బతుకూ మనిషి సరదా ఎదురుపడితే సరదా తగ్గాలి. ఇందులో మాకు సందేహం లేదు. జంతువు బతుకూ మనిషి బతుకూ ఎదురుపడ్డప్పుడే కష్టం. అక్కడ ఎవరో బయటివారు తక్కెడ పట్టుకుని తూచడానికి వీల్లేదు. 2006 అటవీ హక్కుల చట్టం ఈ మాటే చెప్పింది. మనుషులతో కలిసి ఆ జీవి బతకలేదని తేలాలి, వేరే దారి లేదని తేలాలి, గ్రామసభ మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. ఆ తర్వాతే ఊరు కదిలించే మాట. చేపల మీద, నీటి వనరుల మీద సముదాయ హక్కునూ అదే చట్టం గుర్తించింది. అలాంటప్పుడు జలాశయంలో ఎన్ని బోట్లు తిరగాలి, ఏ ఒడ్డుకు పోకూడదు అన్నది కూడా గ్రామసభ ముందుకు రావద్దా? ఇంటిని లేపడానికి సంతకం అడిగేవాళ్లు బోటు దింపేటప్పుడూ అడగాలి.

అయితే హక్కు అడిగేవాళ్లం మా వలల సంగతి కూడా మాట్లాడుకోవాలి. వలలో చిక్కిన మొసలి పిల్ల పైకి రాలేక ఊపిరాడక చస్తుంది. వల వేసింది కోయవాడా, వ్యాపారా అని దానికి తెలియదు. అడవి మాది కాబట్టి మేమేం చేసినా చెల్లుతుందని మా పిల్లలకు చెప్పలేం. గుడ్లు పెట్టే కాలం నుంచి పిల్లలు నీళ్లు పట్టేదాకా మొసళ్లుండే ఒడ్డుకు మోటారూ పోకూడదు, మా వలా పోకూడదు. టూరిస్టుకు అది ఒక ఆదివారం. చేపలు పట్టేవాడికి నెలల తిండి. ఆ నెలల కూలిని బోటు టికెట్ డబ్బుల్లోంచే కట్టాలని, ఆ లెక్క గ్రామసభలో చదివి వినిపించాలని మేము అడుగుతున్నాం.