కాలిరెక్కలు, కర్తృత్వము

జీవుడు తన ప్రయత్నముచేత తరించునా, ప్రయత్నమును విడిచి భగవంతునకు తన్ను అప్పగించుకొనుటచేత తరించునా అను ప్రశ్న శ్రీవైష్ణవ సంప్రదాయమును రెండు శాఖలుగా విడదీసినంత బలమైనది. తల్లి పొట్టను తానే కరచుకొని యుండు కోతిపిల్ల వంటివాడు జీవుడని వేదాంతదేశికుల ననుసరించు వడగలవారును, తల్లి నోట కరచి మోసికొనిపోవు పిల్లికూన వంటివాడని పిళ్ళై లోకాచార్యుల ననుసరించు తెంగలవారును చెప్పుదురు. మర్కటకిశోర న్యాయము, మార్జాలకిశోర న్యాయము అను పేళ్ళతో శతాబ్దములుగా నలుగుచున్న ఈ వాదమును, కొంపల్లిలోని ఒకానొక ఈతకొలను గట్టున కూర్చుండి, రబ్బరు రెక్కలు తొడిగికొన్న కాళ్ళను చూచుచు తలపోయుట కొందరికి అపచారముగా తోపవచ్చును. సంసారమును సాగరమని మొదట పిలిచినవారు మన పూర్వులే గనుక ఆ దోషములో వారికిని పాలున్నది.

హైదరాబాదు ఉత్తరశివారున, ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరువడిన ఈ కొంపల్లి, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో ఈత యనగా ఆ దినములలో బావిలో నేర్చునది. నడుమునకు ఎండు సొరకాయలో బెండ్లో కట్టి, పెద్దవారెవరో వెనుకనుండి త్రోసివేయగా, నీరు మ్రింగి, కేకలు వేసి, ఎట్లో గట్టు పట్టుకొన్నవాడు ఈతగాడైనట్లే. తోటలు ప్లాట్లయి, బావులు పూడి, ఇప్పుడు అపార్టుమెంటుల నడుమ నీలిపలకల కొలనులును, వాటితోపాటు కోచ్, నెలసరి రుసుము, ఫిన్స్ అను కాలిరెక్కలును వచ్చినవి. సొరకాయకును ఫిన్స్‌కును ఉన్న భేదము స్వల్పమైనది కాదు. సొరకాయ మనిషిని తేల్చును గాని కదల్పదు. రెక్క కదల్చును గాని, కదల్చుట తెలియనివానికి కాలికి కట్టిన బరువే యగును.

ఆ తెలియకపోవుట ఎట్లుండునో చూడవలెనన్న మొదటిసారి ఫిన్స్ తొడిగినవానిని చూచిన చాలును. బలమంతయు పాదములోనే ఉన్నదనుకొని వాడు మోకాళ్ళను పొట్టవైపు ముడిచి, పాదములను క్రిందికి త్రొక్కును. దీనిని కోచ్‌లు సైకిలు తొక్కుట అందురు. రెక్క నీటిని వెనుకకు నెట్టుటకు మారుగా అంచువాలుగా జారిపోవును; మడమలు నీటిపైకి లేచి చప్పుడు చేయును; నురుగు పుష్కలము, ముందడుగు మాత్రము కానరాదు. కొంతసేపటికి పిక్క పట్టివేయగా, కాలు చాచి రెక్క కొనను తనవైపు లాగికొని గట్టున కూర్చుండును. సరియైన తాడన మిందుకు పూర్తిగా విలోమము. కదలిక తుంటియొద్ద పుట్టవలెను. తొడ ముందు నడువవలెను. మోకాలు బిగియక, మరీ వంగక, వచ్చిన బలమును క్రిందికి పోనీయవలెను. చీలమండ వదులుగా, వ్రేళ్ళు వెనుకకు చాచి యుండవలెను. అప్పుడు రెక్క కాలికంటె ఒక క్షణము వెనుకబడి, వంగి, ఆ వంపుతో నీటిని వెనుకకు త్రోయును. నీరు మనిషిని ముందుకు త్రోయును. క్రిందికి కొట్టునప్పుడే గాక పైకి లేపునప్పుడును ఆ పని జరుగవలెను. సగము నేర్చినవారందరు మరచునది ఈ పైకి లేపుటయే. కాళ్ళ మధ్య ఎడము కొద్దిగా ఉండవలెను, రెక్క పొడవైనకొలది లయ నెమ్మది కావలెను. తొడకండరములు దేహములో మిక్కిలి పెద్దవి, ప్రాణవాయువును విశేషముగా హరించునవి. కావుననే నీటిలోతున మసలు డైవర్లు తొందరపడి కాళ్ళాడింపరు.

ఇందులో నన్ను ఆలోచింపజేసినది ఆ వదులు చీలమండ. తుంటియొద్ద ప్రయత్నము, చీలమండయొద్ద ప్రయత్నత్యాగము, రెండును ఒకే కాలిలో, ఒకే క్షణమున. పతంజలి ఆసనసిద్ధికి ప్రయత్నశైథిల్యమును ఉపాయముగా చెప్పినప్పుడు సోమరితనమును బోధింపలేదు. కూర్చున్నవాడు కూర్చుండుట మానలేదు గదా! అవసరములేని చోటనుండి బలమును ఉపసంహరించుకొనుటయే ఆయన కోరినది. ప్రయత్నము, శరణాగతి పరస్పర విరుద్ధములని వాదించువారు అవి రెండును ఒకే స్థానమునకై పోరాడుచున్నవని అనుకొందురేమో. వాటికి వేరువేరు స్థానము లుండవచ్చునని ఈ కాలు చెప్పుచున్నది.

భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయము కర్మసిద్ధికి అధిష్ఠానము, కర్త, కరణము, చేష్ట, దైవము అని అయిదు కారణములను చెప్పి, తానొక్కడే కర్త ననుకొనువానిని దుర్మతి యని నిందించినది. రెక్క కరణకోటిలోనిది. ఇది అంత సులభముగా కుదిరిన కరణము కాదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ బాల్యమున కొయ్యపలకలను చేతులకు పట్టి ఈదగా వేగము హెచ్చెను గాని మణికట్లు నొచ్చెను. అరికాళ్ళకు కట్టిన పాదుకలవంటివి మాత్రము ఆయనకు తృప్తి నీయలేదు, ఏలనన తాపులో కొంతభాగము పాదముల లోపక్కనుండియు చీలమండలనుండియు వచ్చునేగాని అరికాళ్ళనుండియే వచ్చునది కాదని ఆయన గమనించెను. ఫ్రాన్సు నౌకాదళాధికారి లూయీ ద కోర్లియు 1933లో వంగెడు రబ్బరు రెక్కకు పేటెంటు పొందిన తరువాతనే ఈ సాధనము నిలద్రొక్కుకొన్నది. కరణము ఫలమును తగ్గించునా అను సందేహము క్రీడాలోకమునకును ఉన్నది. ఇంగ్లీషు ఛానలు దాటువారికి ఫిన్స్ నిషిద్ధము. 2021లో పాక్ జలసంధిని ఈదిన హైదరాబాదు వనిత గోలి శ్యామల వంటివారి సాహసమునకు గౌరవము ఒట్టి దేహముతో ఈదుటవలననే. ఆ నియమము న్యాయమే. కాని ఒట్టి దేహమును మాత్రము ఈదువాడు తానే చేసికొన్నాడా?

ఈ ప్రశ్నను వదలక పట్టుకొన్నచో కదలిక మూలము లోపలికి లోపలికి జరిగిపోవుట కానవచ్చును. నేర్వనివాడు పాదముతో కొట్టును, నేర్చినవాడు తుంటితో. రెండు పాదములను ఒకే వెడల్పు రెక్కలో ఇమిడ్చి ఈదు మోనోఫిన్ క్రీడాకారులకు కదలిక రొమ్మునుండియే బయలుదేరి, నడుము మీదుగా అలవలె సాగి, రెక్కకొనను చేరును. తిరుపతి జిల్లా నాగలాపురమున వేదనారాయణస్వామి నడుము క్రింద మత్స్యాకారుడై నిలిచిన రూపమును చూచినవారికి ఆ అలను ఊహించుట కష్టము కాదు. రొమ్ముకు ఆవల మూలమేది?

ఇచ్చట తెంగలవారి వాదము మరల తలయెత్తును. ఊపిరి నిండుగా పీల్చి కదలక పరుండినవానిని నీరు తరచుగా తానే తేల్చును, కొట్టుకొన్నవాడే మునుగును; ఇక ప్రయత్నమేల యని వారడుగవచ్చును. తేలుట వేరు, ఆవలి గట్టు చేరుట వేరు అని దేశికులవారి పక్షమున చెప్పవచ్చును. తుంటిలోని ఆ కొద్ది బలమును నీవు తెచ్చుకొన్నది కాదు గదా యని లోకాచార్యులవారి పక్షమున మరల ప్రతివచనము. నిజమే, తెచ్చుకొన్నది కాదు. అయినను వాడవలసినవాడను నేనే యని నాకు తోచును. వడగలవారు కోరునది అంతమాత్రమే, కోతిపిల్ల పిడికిలి యంత. వారు దానిని మోక్షమునకు మూల్యమని యనలేదు, వ్యాజమని, అనగా నెపమని, యనిరి. నా మొగ్గు వారివైపే.