ముల్లు కదలాలి

1994 దాకా వచ్చిన మాజ్దా మియాటాల్లో ఆయిల్ ప్రెషర్ మీటరు నిజంగానే ప్రెషర్ చూపించేది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే, ఆయిలు చల్లగా చిక్కగా ఉంటుంది కాబట్టి ముల్లు పైకి లేచేది. ఊరంతా తిరిగొచ్చి సిగ్నల్ దగ్గర ఆగితే, వేడికి పల్చబడ్డ ఆయిలుతో పాటు ముల్లూ దిగేది. యాక్సిలరేటరు తొక్కితే మళ్లీ లేచేది. 1995 మోడల్ నుంచి మీటరును ఉన్నచోటే ఉంచి లోపలి పని మార్చేశారు. ప్రెషర్ కాస్తంత ఉన్నా ముల్లు మధ్యలో నిలబడుతుంది, పూర్తిగా పోతే పడిపోతుంది. ఆ రెంటికీ నడుమ అది చెప్పేదేమీ లేదు. కారు కొన్నవాళ్లు ముల్లు ఊగడం చూసి కంగారుపడి షోరూములకు పరిగెత్తేవారనీ, ఆ బెడద వదిలించుకోవడానికే కంపెనీ ఈ పని చేసిందనీ ఈ కార్లు బాగుచేసుకునేవాళ్లు చెప్పుకుంటారు.

నా దగ్గరున్నది 1995 మోడలు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో, మా ఇంటి గరాజ్‌లో ఉంటుంది. నేను దానికి చేసిన మొదటి మార్పు ఆ ముల్లుకు కదలిక తిరిగి తెప్పించడం. పాత మోడల్ మీటరు, ఇంజను దగ్గర ప్రెషర్ కొలిచి దానికి పంపే సెండరు వెతికి సంపాదించాను. ఆ సెండరు ఉండే చోటు ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద, ఆయిల్ ఫిల్టరు దగ్గర. కంటికి ఆనదు. మోచేతిదాకా చెయ్యి దూర్చి, వేళ్లతో తడుముకుంటూ మర పట్టించాలి. మర సరిగ్గా పట్టిందా, వంకరగా ఎక్కుతోందా అన్నది వేలికొసకే తెలియాలి. మొదటి రెండు చుట్లు చేత్తోనే సులువుగా తిరిగితే అప్పుడు పానా వెయ్యాలి.

ముల్లు కదలడం మొదలయ్యాక కొన్నాళ్లు నాకు స్థిమితం లేదు. సిగ్నల్ పడితే చాలు, కళ్లు మీటరు మీదికి పోయేవి. వేడెక్కిన ఇంజను ఐడిల్‌లో ఉన్నప్పుడు ప్రెషర్ దిగడం సహజమని పుస్తకాల్లో చదివి తెలుసుకున్నదే. అయినా తెలిసిన సంగతి చూపులోకి ఇంకడానికి సమయం పట్టింది. ఈ కారుతో గడిపిన కాలంలో నేను నేర్చుకున్న అసలు పాఠం అక్కడే మొదలైందనుకుంటాను. కదలని ముల్లు నాకు నెమ్మదినిచ్చేది. కదిలే ముల్లు నిజం చెబుతుంది, దానికి బదులుగా నా నెమ్మదిని అడుగుతుంది. కావాలనుకున్న ప్రతి మార్పుకూ ఇలాంటి ధర ఒకటి ఉంటుంది. అది డబ్బుల్లో ఉండదు.

కారు సంగతి కొంచెం చెప్పాలి. పైకప్పు మడిచి గాలిలో వెళ్లే రెండు సీట్ల చిన్న కార్లు ఒకప్పుడు బ్రిటన్ సొత్తు. ఎంజీలు, ట్రయంఫ్‌లు, లోటస్ ఎలాన్ లాంటివి. అవి ఆయిలు కార్చేవి, వర్షమొస్తే మొండికేసేవి, అయినా నడిపినవాళ్లు మరిచిపోలేకపోయారు. 1980లు వచ్చేసరికి ఆ జాతి దాదాపు అంతరించింది. పొద్దున తాళం తిప్పితే నమ్మకంగా స్టార్టయ్యే కారులో ఆ ఆనందాన్ని పెట్టొచ్చని బాబ్ హాల్ అనే అమెరికన్ పత్రికా రచయిత మాజ్దా పెద్దలకు చెప్పాడు. తర్వాత ఆ కంపెనీలోనే చేరాడు. తోషిహికో హిరాయ్ ప్రాజెక్టు పగ్గాలు పట్టుకున్నారు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో కారు బయటికొచ్చింది. 1.6 లీటర్ల ఇంజను, 116 హార్స్‌పవర్, వెయ్యి కిలోల లోపు బరువు. నా కారు వయసు వాటిలో ఉన్నది 1.8 లీటర్లు, 128 హార్స్‌పవర్. ఈ రోజు పిల్లల్ని బడికి దింపే కార్లకే అంతకన్నా బలం ఉంది. అయినా 2016 ఏప్రిల్‌లో పదిలక్షలో కారు తయారైంది.

గుర్రమూ రౌతూ ఒక్కటైనట్టుండాలన్నది హిరాయ్ బృందం పెట్టుకున్న లక్ష్యం. ఆ మాట ఎప్పుడు విన్నా నాకు నలుడే గుర్తొస్తాడు. బాహుకుడి రూపంలో ఋతుపర్ణుడి రథం తోలుతూ ఒక్క పగటిలో అయోధ్య నుంచి విదర్భకు చేర్చినవాడు. గుర్రాలు బక్కచిక్కి ఉన్నాయని రాజు సందేహిస్తే, సుళ్లు చూసి ఎంచానని చెప్పినవాడు. ఆ దారిలోనే ఋతుపర్ణుడు ఒక తాండ్ర చెట్టును చూసి దాని ఆకులెన్నో కాయలెన్నో చెప్పేస్తాడు. పొద్దు గూకేలోగా చేరాలి, స్వయంవరం తొందర. అయినా నలుడు రథం ఆపి దిగుతాడు, చెట్టును నరికి లెక్కపెడతాడు. లెక్క సరిపోయాకే ఆ విద్య తనకు నేర్పమంటాడు. చిన్నప్పుడు ఈ కథలో నాకు నచ్చింది రథవేగం. రాజు కండువా జారి పడితే, తియ్యమనేలోపే అది యోజనం దూరం వెనకబడిపోవడం. ఇప్పుడు నాకు నచ్చేది ఆ దిగడం. గుర్రాల మనసు తెలిసినవాడు, అంత తొందరలో ఉన్నవాడు, ఎదుటివాడు రాజైనా సరే దిగి లెక్కపెట్టి గాని నమ్మలేదు.

పాత కారు బాగుచేయడంలో పని కంటే వెతుకులాటే ఎక్కువ. నా కారు నిలిపిన చోట ఆయిలు చుక్కలు పడుతుండేవి. కిందికి దూరి చూస్తే ఇంజనూ గేరుబాక్సూ కలిసే చోట తడి. చూసినవాళ్లంతా క్రాంక్ వెనక సీలు పోయిందన్నారు. అంటే గేరుబాక్సు దించాలి, పెద్ద పని. కానీ నూనెకు తెలిసింది కిందికి జారడమే. కనిపించిన చోటే పుట్టిందని నమ్మడానికి లేదు. ఇంజను వెనక భాగమంతా డిగ్రీజరుతో కడిగి, ఆరబెట్టి, టాల్కం పౌడరు చల్లి, కాసేపు తిప్పుకొచ్చాను. టార్చి వేసి చూస్తే తెల్లటి పౌడరులో సన్నటి గోధుమరంగు గీత. ఆ గీత పట్టుకుని పైకి పోతే సిలిండర్ హెడ్ వెనక, ఫైర్‌వాల్‌కు ఆనుకుని ఉన్న క్యామ్ యాంగిల్ సెన్సరు దగ్గర తేలింది. దాన్ని పట్టి ఉంచేది ఒకే ఒక్క బోల్టు. లోపల చిన్న రబ్బరు ఓ-రింగు. ఆ రింగు బయటికి తీసి వంచబోతే పుటుక్కున విరిగింది. గుండ్రంగా ఉండాల్సిన రబ్బరు నొక్కుకుపోయి ఒకవైపు చదునైంది. ఏళ్ల తరబడి ఇంజను వేడికి కాలి ప్లాస్టిక్కులా గట్టిపడింది. కొత్తది కొన్ని డాలర్లకే వస్తుంది.

బెజవాడ ఆటోనగర్‌లో చిన్నప్పుడు విన్న మాట ఒకటి ఆ రోజు ఎంతగా పనికొచ్చిందో. మా మేనమామ లారీ అక్కడికి పనికి వెళ్తే నన్ను కూడా తీసుకుపోయేవాడు. మేస్త్రి పొడవాటి స్క్రూడ్రైవరు కొసను ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి ఆనించుకుని, ఒక్కోచోటా ఆగి వినేవాడు. డాక్టరు రోగి వీపు మీద స్టెతస్కోపు జరిపినట్టే ఉండేది. మామయ్య తొందరపెడితే అనేవాడు, “ఆగండి బాబుగారూ, చప్పుడు ఒకచోట పుట్టి ఇంకోచోట వినపడుద్ది. పుట్టినచోటు దొరికేదాకా పానా పట్టుకోకూడదు.” ఆయన చదివింది ఏ తరగతో నాకు తెలియదు. ఇన్నేళ్ల నా ఇంజినీరింగ్ చదువులోనూ ఉద్యోగంలోనూ కారణాన్ని వెతకడం గురించి ఇంతకంటే సూటిగా చెప్పినవాళ్లు నాకు తారసపడలేదు.

ఆ సెన్సరునే కాస్త తిప్పితే ఇంకో పని జరుగుతుంది. సిలిండర్లో నిప్పురవ్వ ఎప్పుడు పడాలన్నది క్రాంక్ తిరిగే కోణంలో కొలుస్తారు. పిస్టన్ పైకొసకు చేరడానికి ఇంకా 10 డిగ్రీలుండగా అన్నది కంపెనీ పెట్టిన లెక్క. బోల్టు వదులు చేసి, టైమింగ్ లైటు పట్టి, సెన్సరును వెంట్రుకవాసి తిప్పుతూ పోతే 14కు జరపొచ్చు. చాలామంది జరుపుతారు. పైసా ఖర్చు లేకుండా తక్కువ వేగాల్లో కారుకు చురుకొస్తుంది. మరి ఇంత తేలిక సంగతి మాజ్దా ఇంజినీర్లకు తట్టలేదా? తట్టకేం. వాళ్లు చూడాల్సింది ఒక్క కారును కాదు. అరిజోనా ఎండలో నడిపేవాళ్లు, కొండ ఎక్కుతూ టాప్ గేరులో తొక్కేవాళ్లు, దారిలో దొరికిన చవక పెట్రోలు పోసేవాళ్లు, చప్పుడొస్తే రేడియో పెంచేవాళ్లు, వీళ్లందరి చేతుల్లోనూ ఇంజను బతకాలి. నిప్పు మరీ ముందుగా పడితే వేడికీ తక్కువ ఆక్టేన్ పెట్రోలుకూ నాకింగ్ మొదలై పిస్టన్లు దెబ్బతింటాయి. ఆ నాలుగు డిగ్రీలూ వాళ్లు ముఖం తెలియని మనుషుల కోసం వదిలిపెట్టిన జాగా.

ఇది అర్థమయ్యాక మార్పుల మీద నా చూపే మారింది. కంపెనీ చేసినది తక్కువా, నేను చేసేది ఎక్కువా అనుకోవడం దండగ. కంపెనీ అందరి కోసం చేసింది. నేను ఒక్కడి కోసం చేస్తున్నాను. అందరి కోసం ఉంచిన జాగాను ఒక్కడి ఇష్టానికి వాడుకోవడమే మోడిఫికేషన్ అంటే. తప్పు కాదు. కానీ వాడుకున్న క్షణం నుంచి ఆ పూచీ నాది. నేను 10 దగ్గరే ఉంచాను. ఈ కారు నా తర్వాత ఎవరి చేతికి పోతుందో, వాళ్లు ఏ పెట్రోలు పోస్తారో నాకు తెలియదు.

ఇలాంటి మార్పులు ఎక్కువగా చెడేది సస్పెన్షన్ దగ్గర. చక్రానికీ ఫెండరుకూ మధ్య ఖాళీ తగ్గితే కారు చూడ్డానికి బాగుంటుంది, నిజమే. అయితే ఈ కారులో చక్రం పైకి లేవడానికి ఉన్న చోటే తక్కువ. పొట్టి స్ప్రింగులు వేస్తే ఆ చోటు కాస్తా అయిపోయి, షాక్ అబ్జార్బరులోని బంప్ స్టాపు మీదే కారు కూర్చుంటుంది. నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ పెట్టి, ప్రతి చక్రం నేలను పట్టుకుని ఉండేలా అంత శ్రమపడి చేసినదాన్ని, ఫొటో కోసం పోగొట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది. నేను షాకులు మంచివి వేయించి, ఎత్తు మాత్రం దాదాపు అంతే ఉంచాను.

కూలెంట్ సంగతి వేరు. ఈ ఇంజను మొదట మాజ్దా 323లో అడ్డంగా కూర్చోవడానికి పుట్టిన కుటుంబంలోది. దాన్ని ఇక్కడ నిలువుగా తిప్పి పెట్టినప్పుడు నీళ్లు లోపలికొచ్చే దారీ బయటికి పోయే దారీ రెండూ ముందువైపే పడ్డాయి. దాంతో వెనకున్న నాలుగో సిలిండరుకు చల్లదనం కాస్త తక్కువ. టర్బో పెట్టినవాళ్లు, రేస్ ట్రాక్ మీద తోలేవాళ్లు నీటిదారిని వెనక్కి మళ్లిస్తారు. నేను వారాంతాల్లో కొండదారి వెంట వెళ్లొచ్చేవాణ్ని. నా వాడకానికి ఆ లోపం లోపమే కాదు. ముట్టుకోలేదు.

ఇండియాలో ఈ అభిరుచికి చట్టం అంతగా చోటివ్వదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, దాని మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, తయారీదారు నిర్దేశించిన అసలు స్పెసిఫికేషన్లకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. నా కారు లాంటి పాతది ఇంటికి తెచ్చుకుందామన్నా కుదరదు, మూడేళ్లు దాటిన వాడిన కార్ల దిగుమతికి మామూలుగా అనుమతి లేదు. బండిని సొంత చేత్తో మార్చుకోవాలన్న కోరిక ఉన్న కుర్రాళ్లను తలుచుకుంటే ఇది నాకు కష్టంగానే తోస్తుంది. అయినా చట్టం వెనకున్న ప్రశ్నను కొట్టిపారేయలేను. మార్చిన బండి ధర ఎవరు చెల్లిస్తున్నారు? సైలెన్సరు పీకిన బుల్లెట్టు అర్ధరాత్రి వీధిలోకొస్తే సరదా ఒకడిది, నిద్ర పోయేది పసిపిల్లలదీ ముసలివాళ్లదీ. మన నగరాల్లో పోలీసులు అలాంటి సైలెన్సర్లను రోడ్డు రోలరుతో తొక్కిస్తే నేను అయ్యో అనుకోను. కాలిఫోర్నియా పద్ధతి ఇంకోలా ఉంది. మార్చుకో అంటుంది. కానీ కాలుష్యంతో సంబంధమున్న ఏ భాగమైనా రాష్ట్రం పరీక్షించి నంబరిచ్చినదే అయ్యుండాలి. నా కారు వయసువాటికి రెండేళ్లకోసారి స్మాగ్ పరీక్ష తప్పదు. నాకు ఈ పద్ధతి నచ్చుతుంది. గాలి అందరిదీ, దాని విషయంలో నా ఇష్టం చెల్లకూడదు. స్టీరింగు బరువు, సీటు ఎత్తు, ముల్లు కదలిక లాంటివి నావి, వాటి దగ్గర నన్ను వదిలేస్తే చాలు.

మాజ్దా కూడా ఈ కార్లను వదిలెయ్యలేదు. 2017లో ప్రకటించి, మరుసటి ఏడాది నుంచి జపాన్‌లో మొదటితరం కార్లను పునరుద్ధరించే పని మొదలుపెట్టింది. తయారీ ఆగిపోయిన భాగాలు కొన్ని మళ్లీ చేయించింది. ఆ కాలం నాటి టైరును బ్రిడ్జ్‌స్టోన్ అదే కొలతలో మళ్లీ తయారుచేసింది. లాభం కోసమే అయితే ఒక కంపెనీ ఇంత పాత కారు వెంట పడుతుందనుకోను. తను చేసిన వస్తువుకు ముప్పై ఏళ్ల తర్వాత కూడా జవాబుదారీగా ఉండటం నాకు గౌరవంగా అనిపిస్తుంది.

నేనూ అలాగే ఉండాలని చూస్తున్నాను. విప్పిన ఒరిజినల్ భాగాలన్నీ పేర్లు రాసి డబ్బాల్లో పెట్టాను. ఏది ఎందుకు మార్చానో, ఏ బోల్టు ఎంత బిగువుతో బిగించానో ఒక నోటుబుక్కులో రాసి ఉంచుతున్నాను. బాడీకి రంధ్రం పెట్టాల్సిన మార్పు మాత్రం ఏదీ చెయ్యను. విప్పి వెనక్కి పెట్టగలిగినదే మార్పు, పెట్టలేనిది ఆక్రమణ. ఆ హక్కు నాకుందని నేననుకోను.

అయితే ఒకచోట కొయ్యక తప్పేలా లేదు. మడిచే పైకప్పు వెనక వాననీరు పోవడానికి రెండు సన్నటి గొట్టాలుంటాయి. ఆకులూ మట్టీ అడ్డంపడి అవి మూసుకుపోతే నీళ్లు లోపలే నిలిచి, వెనక చక్రాల ముందు భాగం లోపలి నుంచి తుప్పు పడుతుంది. పైగా నా కారు చలికాలం మంచుకు రోడ్ల మీద ఉప్పు చల్లే ఊరి నుంచి వచ్చింది. కుడివైపు పెయింటు కింద బుడగలు లేచాయి, స్క్రూడ్రైవరుతో నొక్కితే రేకు మెత్తగా లోపలికి పోతోంది. పుట్టీ పెట్టి రంగు వేస్తే నాలుగేళ్లు కనపడదు. కుళ్లిన రేకు కోసేసి కొత్త ముక్క అతికించడమే సరైన పని. దానికి వెల్డింగు రావాలి. పల్చటి రేకు మీద వెల్డింగు మరీ కష్టం, ఒక్క క్షణం ఎక్కువ ఆగితే రంధ్రం పడిపోతుంది. ఊళ్లోని కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం పూట వెల్డింగు నేర్పుతారని తెలిసి పేరు రాయించుకున్నాను. ముందు తుక్కు రేకుల మీద సాధన చెయ్యాలి.