రోజుకు ఎన్ని పేజీలు?

కథలు రాసే కుర్రవాళ్లు తరచూ అడిగే మాట: రోజుకు ఎన్ని పేజీలు రాయాలండీ?

వేగం మాటకొస్తే ముందు అవధానులే గుర్తొస్తారు. మన భీమవరం దగ్గరి యండగండిలో 1872లో పుట్టారు దివాకర్ల తిరుపతిశాస్త్రి గారు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారితో జంటకవులై ఊరూరా అవధానాలు చేశారు. శతావధానమంటే పద్యాలు అడిగే పృచ్ఛకులు నూరుగురు. ఒక్కొక్కరికీ విడతకు ఒక్క పాదమే చెప్పాలి. రెండో విడతకు వచ్చేసరికి ఎవరికి ఏ పాదం చెప్పారో, ఏ ఛందస్సో గుర్తుండాలి. నాలుగు విడతల్లో నూరు పద్యాలూ ముగించి, చివర వరసగా అప్పజెప్పాలి. కాగితం, కలం లేకుండానే! ఆ వేగం వెనక గురువు చర్ల బ్రహ్మయ్యశాస్త్రి గారి దగ్గర చేసిన చదువుంది.

అది చూసి బెంగ పడకండి. రాసినదాన్ని తిరగరాసుకున్నవారూ ఉన్నారు. గురజాడ వారి కన్యాశుల్కం నాటకం 1897లో అచ్చయింది. దాన్నే ఆయన తిరగరాసి 1909లో తెచ్చారు. ఈనాటికీ మనం చదివేది ఆ రెండో కూర్పే.

నా మటుకు నేను పేజీల లెక్క కంటే కూర్చునే వేళనే నమ్ముతాను. తెల్లవారుజామున అరగంట, ఫోను పక్క గదిలో పెట్టి. నాలుగు వాక్యాలొచ్చినా చాలు. కొట్టివేతలు కూడా రాత కిందే లెక్క.

రాయాలని ఉండి వాయిదా వేస్తున్నవారు ఈ రోజే ఒక నోటుపుస్తకం కొనుక్కోండి. రేపు పొద్దున్నే మొదలుపెట్టండి.