జానెడు సందు

అంబేడ్కర్ జయంతి పది రోజులుందనగా నలుగురు పిల్లలు నా దగ్గరకొచ్చారు. నేను పాఠాలు చెప్పే కాలేజీ పిల్లలే. "సార్, ఈసారి ఫోటో బూత్ పెడదాం" అన్నారు. వెనక నీలం గుడ్డ కడతారంట. ముందు చెక్క ఫ్రేము నిలబెడతారంట. ఇద్దరు ముగ్గురు దాంట్లో నిలబడితే ఫోటో తీసి, చిన్న మిషను మీద అప్పటికప్పుడు అచ్చు తీసి చేతికిస్తారంట. ఫ్రెషర్స్ డేకి, సంక్రాంతి సంబరాలకి, ఫేర్‌వెల్‌కి ఇప్పుడు ఏ కాలేజీలో చూసినా ఇదే కదా. కిరీటాలు, అట్టమీసాలు పెట్టుకుని నవ్వుతారు.

"దేనికిరా?" అన్నాను.

"అందరూ కలుస్తారు సార్" అన్నాడొకడు.

ఇంకొకడికి కోపమొచ్చింది. సంఘంలో తిరిగే పిల్లోడు. "కారంచేడు, చుండూరు అని మీటింగులు పెట్టుకున్నోళ్ళం, ఫోటోలు దిగితే కలుస్తామా? బాబాసాహెబ్‌ని బొమ్మలకొలువు చేస్తామా?" అన్నాడు.

ఇద్దరి మాటా నాకు నిజంగానే తోచింది. సంగతేమంటే, 2024 ఆగస్టు 1న ఎస్సీ వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింతర్వాత మా కాలేజీలో జయంతి రెండు చోట్ల జరిగింది. మాల పిల్లలు ఒక చెట్టు కింద, మాదిగ పిల్లలు ఇంకో చెట్టు కింద. ఒకే బాబాసాహెబ్ బొమ్మ, రెండు దండలు. ఈసారైనా ఒక చెట్టు కిందికి రావాలన్నది ఆ పిల్లోడి తాపత్రయం. బూత్ అతనికి సరదా కాదు, సాకు.

"ఆలోచించి చెప్తాలే" అన్నాను. ఆలోచిస్తే నాకు రెండు ఫోటోలు గుర్తొచ్చాయి.

మాది బుచ్చిరెడ్డిపాలెం పక్కన మాలపల్లె. కాగితాల్లో హరిజనవాడ. కాలవ అవతల మాదిగపల్లె. కాగితాల్లో అరుంధతీయవాడ. బొంబాయి రోడ్డు మీద నుంచి చూస్తే ఊరొకటే కనిపిస్తుంది. దిగి నడిస్తేనే మూడూళ్ళని తెలుస్తుంది. కనిగిరి రిజర్వాయరు నీళ్ళు ముందు ఎవురి మళ్ళోకి పారతాయో, నాట్లకి ఎవురు వంగుతారో పుట్టినప్పట్నించీ చూస్తానే వున్నాం. ఫోటో అనేది మాత్రం మా పల్లెలో లేదు. పెళ్ళయినా, చావయినా ఫోటో లేదు. మా తాత ముఖమెట్లా వుండేదో నాకు తెలీదు. ఊళ్ళో పెద్ద పెద్ద ఇళ్ళల్లో, పంచలో గోడకి ముత్తాతల ఫోటోలు వేలాడతా వుండేవి. వడ్లు కొలవడానికి పొయ్యినప్పుడు గడప బయట నిలబడి వాళ్ళ తాతల్ని చూసినాను. మా తాతల్ని చూళ్ళేదు.

మొదటి ఫోటో 1994 నాటిది. డిగ్రీ ఆఖరి సంవత్సరం గ్రూపు ఫోటో. సాంఘిక సంక్షేమ హాస్టల్లో వుండి చదువుకునేవాణ్ణి. ఫోటో రోజు బెంచీలు, కుర్చీలు చెట్టు కిందికి మోసింది హాస్టలు పిల్లలమే. ఎవరూ మోయమని చెప్పలేదు. మోయడం మా పనని మాకే తోచింది. మోసి, చెమట తుడుచుకుని చూసేసరికి అందరూ నిలబడిపోయారు. మేం చివర నిలబడ్డాం. "లోపలికి జరగండి, లోపలికి" అని ఫోటోగ్రాఫరు చెయ్యి వూపతా వున్నాడు. నేను జరిగాను. నా పక్కవాడు జరగలేదు. నాకూ వాడికీ మధ్య జానెడు సందు అట్లాగే వుండిపోయింది. ఎవరూ మమ్మల్ని పొమ్మన్లేదు. ఎవరూ రమ్మనీ అన్లేదు.

కాపీకి డబ్బులు కట్టినోళ్ళకే ఫోటో ఇచ్చారు. నేను కట్టలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఒక క్లాస్‌మేట్ ఇంట్లో, అట్ట వేసి అద్దం కట్టించిన ఆ ఫోటో చూశాను. మొదట నా కళ్ళు ఆ సందు మీదికే పొయ్యాయి. అక్కడుంది, చెట్టు వెలుతురు పడి తెల్లగా. నా ఒళ్ళు మండింది. కడుపులో ఏళ్ళ తరబడి దాచుకున్న కోపానికి సాక్ష్యం దొరికినట్టయింది. "చూడండి, ఇదీ మీ కులం" అని ఆ ఫోటో పట్టుకుని మీటింగుల్లో చెప్పాలనుకున్నాను.

రెండోసారి చూశాను. నాకు ఇవతల, ఆఖర్న, కాలవ అవతల మాదిగపల్లె స్నేహితుడు నిలబడి వున్నాడు. ఒకే హాస్టలు, ఒకే గది, ఒకే పుస్తకం ఇద్దరం చదివాం. వాడి ముఖం సగం అట్ట అంచు కిందికి పొయ్యింది. నాకూ వాడికీ మధ్య కూడా జానెడు సందుంది. లోపలికి జరిగినప్పుడు నేను వాణ్ణి నాతోపాటు లాక్కోలేదు. పైగా ఇంకాస్త ఎడం పెట్టాను. నేను లోపలికి జరిగి వుంటే సరిపోదు, వాణ్ణి కూడా జరుపుకుని వుంటే వాడి ముఖం నిలబడేది. అవతలి సందు నాకు ఇరవై ఏళ్ళు గుర్తుంది. ఇవతలి సందు అద్దంలో చూసేదాకా నాకు తెలీనే తెలీదు.

రెండో ఫోటో మా అమ్మది. శేషన్ గారు ఎన్నికల కమిషనర్‌గా వున్నప్పుడు, 1993లో, ఓటర్లకి ఫోటో గుర్తింపు కార్డులివ్వాలని ఆదేశించారు. ఆ పని మా పల్లెకి రావడానికి ఇంకో రెండు మూడేళ్ళు పట్టింది. బడిలో గోడకి దుప్పటి కట్టి, స్టూలేశారు. నా దృష్టిలో మావూళ్ళో మొట్టమొదటి ఫోటో బూత్ అదే. కిరీటాల్లేవు, మీసాల్లేవు. ఏ కులమోళ్ళయినా ఆ స్టూలు మీద కూచోవాల్సిందే, ఆ దుప్పటి ముందే తల ఎత్తాల్సిందే. రెడ్డెమ్మా అక్కడే, మాలామెా అక్కడే. భూమ్మీద ఆ స్టూలంత సమానమైన జాగా మావూళ్ళో ఇంకెక్కడా లేదు. ఓటు లాగానే, మనిషికొకటే ముఖం, ముఖానికొకటే కార్డు.

అమ్మ కంటే ముందు మాదిగపల్లె నుంచి వచ్చిన పెద్దామె కూచుని లేచింది. మాయమ్మ వంతు వచ్చింది. మాయమ్మ కొంగుతో స్టూలు తుడిచింది. తుడిచి కూచుంది.

దుమ్ము లేదు. నేను వరసలో వెనకే వున్నాను, చూశాను. పొద్దున ఊరోళ్ళు కూచున్నప్పుడు, "వాళ్ళ తర్వాత మేం కూచోడమేందయ్యా" అని ఎవరైనా అంటారేమోనని భయపడింది కూడా మాయమ్మే. పైవాడు ఏమంటాడోనని వొణికిన మనిషే, కిందామె లేచిన జాగా తుడిచింది. కులానికి మెట్లున్నాయని, పైకి పొయ్యేకొద్దీ భక్తి, కిందికి దిగేకొద్దీ చీదర పెరుగుతాయని బాబాసాహెబ్ చెప్పింది పుస్తకంలో చదవకముందే నేను ఆ స్టూలు దగ్గర చూశాను. మాయమ్మ చెడ్డది కాదు. నా హాస్టలు ఖర్చులకి పొద్దుగుంకేదాకా కలుపు తీసింది. ఆమె పోయినాక మాకు మిగిలిన ముఖం ఆ కార్డులోదే. దాన్నే పెద్దది చేయించి గోడకి పెట్టుకున్నాం. ఎవరొచ్చినా "అమ్మ ఎంత బాగుందో" అంటారు. ఫోటోలో తుడవడం కనపడదు. నాకు మాత్రమే కనపడుతుంది.

ఈ రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకొకటి అర్థమయింది. గ్రూపు ఫోటోలో అందరం కలిసి వున్నాం, సమానంగా లేం. కార్డు ఫోటోలో అందరం సమానంగా వున్నాం, కలిసి లేం. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ భయపడిందీ ఇందుకే. ఓటులో సమానత్వం వస్తోంది, బతుకులో రావడం లేదు అన్నారు. సౌభ్రాతృత్వం లేకపోతే స్వేచ్ఛా సమానత్వాలు పైపూతగానే మిగులుతాయన్నారు. చట్టం స్టూలు వెయ్యగలదు. తుడిచే చేతిని అది పట్టుకోలేదు.

అంతకు ముందు 1936లో, లాహోరు జాత్ పాత్ తోడక్ మండల్ వాళ్ళు పిలిచి, తర్వాత వద్దన్న ఉపన్యాసం – 'కులనిర్మూలన' – అందులో ఇంకో మాట వుంది. మనుషులు దగ్గర దగ్గరగా వున్నంత మాత్రాన సమాజం కాదు, ఒకే రకం అలవాట్లున్నా కాదు. ఒక పనిలో అందరూ పాలు పంచుకుని, దాని గెలుపూ ఓటమీ తనవనుకున్నప్పుడే సమాజమవుతుంది – ఇదీ ఆయన చెప్పిన దాని సారం. ఫోటో బూత్‌కి ఇంతకంటే పెద్ద పరీక్ష ఏముంది? ఫ్రేము దగ్గర దగ్గరగా నిలబెడుతుంది. అంతవరకే.

అట్లాగని ఫోటోని తీసిపారేసే పని లేదు. ఫోటో బూత్ పుట్టింది 1925లో న్యూయార్కు బ్రాడ్‌వేలో. సైబీరియా నుంచి వలస వచ్చిన అనతోల్ జోసెఫో అనే ఆయన పెట్టాడు. పాతిక సెంట్లు వేస్తే ఎనిమిది ఫోటోల పట్టీ. తెర వెనక కూచున్నోడికి ఫోటో తీసేది మిషనే, ఫోటోగ్రాఫరు కాదు. అది చిన్న సంగతి కాదు. అంతకు ముందే, బానిసగా పుట్టి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ తన ఫోటోలు నూటయాభైకి పైగా దిగాడు. నల్లవాళ్ళని వెకిలిగా గీసే బొమ్మలకి జవాబుగా నిటారుగా, నవ్వకుండా కూచున్నాడు. మన బాబాసాహెబ్ సూటూ అంతే. గోచీగుడ్డతో వుండాల్సినవాడని లోకం అనుకున్నోడు ఎట్లా నిలబడ్డాడో ప్రతి వాడలోనూ కనపడుతుంది. ముఖం లేకుండా చేసిన జాతికి ముఖం కావడం రాజకీయమే.

2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ హాస్టలు నుంచి వెళ్ళగొట్టిన అయిదుగురు దళిత విద్యార్థుల్లో రోహిత్ వేముల, అంబేడ్కర్ పటం చేతపట్టుకుని నడిచి వస్తున్న ఫోటో దేశమంతా చూసింది. వాళ్ళు బయట వేసుకున్న గుడారం పేరు వెలివాడ. దాన్ని ఎవరూ అలంకరణ అనుకోలేదు. జనం అక్కడికి ఫోటో కోసం రాలేదు, కూచోవడానికి వచ్చారు. 2023 డిసెంబరులో యుజిసి క్యాంపసుల్లో సెల్ఫీ పాయింట్లు పెట్టమని విశ్వవిద్యాలయాలకి లేఖ రాసింది. వాటి నమూనాల్లో ప్రధాని బొమ్మ వుంది. అదీ ఫ్రేమే, ఇదీ ఫ్రేమే. ఎవరి పక్కన నిలబడమని పైనుంచి చెప్తే వచ్చేది ఒకటి, ఎవరి పక్కన నిలబడాలో మనకి మనం తేల్చుకుంటే వచ్చేది ఇంకొకటి.

ఇదంతా పిల్లలకి చెప్పాను. గ్రూపు ఫోటో సంగతి చెప్పాను. స్టూలు సంగతి చెప్పడానికి గొంతు రాలేదు, అయినా చెప్పాను. రెండు చెట్ల కింది పిల్లలూ విన్నారు. ఆ సంఘం పిల్లోడే చివరికి అన్నాడు: "అయితే బెంచీలు అందరం మోద్దాం సార్. మొయ్యనోళ్ళకి ఫోటో లేదు."

అదీ వాళ్ళ మొదటి నియమం. రెండోది, ఒక్కరే దిగకూడదు, ముందు నుంచీ స్నేహితులైనవాళ్ళిద్దరే దిగకూడదు. ఇంతవరకూ మాట్లాడని మనిషిని పిలుచుకురావాలి. ఆ మనిషి పేరూ వూరూ ఫోటో వెనక సొంత చేత్తో రాయాలి. మూడోది, కాపీకి డబ్బుల్లేవు. నాలుగోది, హాస్టలు వంటామెలు, పొద్దున్నే గదులూడ్చే ఆమెలు కూడా దిగాలి, పిల్లలే వెళ్ళి పిలవాలి.

ఒకమ్మాయి మాత్రం వచ్చి, "సార్, నేను దిగను. మేం అద్దెకున్న ఇంటోళ్ళకి మా కులం తెలీదు. ఈ ఫోటో ఎవరి ఫోనులోనైనా వాళ్ళు చూస్తే ఇల్లు ఖాళీ చేయమంటారు" అంది. మనం ముఖం చూపించడం ధిక్కారం అంటాం. ముఖం దాచుకుని బతికేవాళ్ళని పిరికివాళ్ళంటాం. అద్దె ఇల్లు పోతే ఆ ధిక్కారానికి కట్టాల్సిన ఖరీదు ఆమె తల్లి కడుతుంది, మనం కాదు. నేను బలవంతం చెయ్యలేదు. ఎవర్నీ చెయ్యనివ్వలేదు. ఫ్రేములోకి రానోళ్ళని వదిలేసే సమూహం కూడా అట్ట అంచు కింద ముఖాలు కప్పేసేదే. ఆమె కాసేపు నిలబడి, "పేర్లు తప్పుల్లేకుండా రాయిస్తా సార్" అని బల్ల దగ్గర కూచుంది.

జయంతి ఒక్క చెట్టు కిందే జరిగింది. ఫోటోలు చాలా దిగారు. ఊడ్చే ఆమె ఒకావిడ ఫ్రేములోకి రాకముందు చెప్పులు విప్పింది. "ఎందుకమ్మా" అని పిల్లలడిగితే, "అలవాటు నాయనా" అంది. చెప్పులు వేసుకోమని తెచ్చి కాళ్ళ ముందు పెట్టిందొక పిల్ల.

అంతా మారిపోయిందని రాస్తే అబద్ధం. మర్నాడు మెస్సులో చూశాను. మళ్ళీ ఎవరి బల్ల దగ్గర వాళ్ళే. వర్గీకరణ మీద వాదన తీరలేదు. తీరాల్సింది ఫోటోల్లో కాదు కూడా. న్యాయంగా ఎవరి వాటా ఎంతో తేలకుండా భుజాల మీద చేతులేసుకోమనడం నాకు ఇష్టం లేదు. ఊరోళ్ళు మాకు చెప్పే ఐక్యత అట్లాంటిదే. వాదన జరగనీ. ఒక బెంచీ మీద కూచుని జరగనీ.

అయితే ఆ మర్నాడే ఇంకోటీ విన్నాను. ఇద్దరు పిల్లలు ఊడ్చే ఆమెని పేరు పెట్టి, పక్కన 'అమ్మా' కలిపి పిలిచారు. ఆ కాలేజీలో ఇన్నేళ్ళు పనిచేసి నాకా పేరు తెలీదు. సిగ్గయింది.

నేనూ ఆ రోజు ఒక ఫోటో దిగాను. కాలవ అవతలి నా స్నేహితుడికి ఫోన్ చేసి పిలిస్తే వచ్చాడు. జుట్టంతా తెల్లబడింది. ఫ్రేములో నిలబడ్డాక, ఆనాటి గ్రూపు ఫోటోలో నేను పెట్టిన ఎడం సంగతి చెప్పాను. వాడు నవ్వలేదు. "నాకప్పుడే తెలుసులే అబ్బయ్యా" అన్నాడు.

ముప్పై ఏళ్ళు వాడికి తెలుసు. నాకే తెలీలేదు. వాడి పక్కకి జరిగాను.